వాండా అంటే మన బదనికే

ప్రశ్న: నర్సరీలో బుట్టలో వేలాడే ఆర్కిడ్ కొన్నాను. చీటీ మీద 'వాండా' అని ఉంది. అది సంస్కృతం మాటేనంటున్నారు. నిజమా? – పాఠకురాలు, కాకినాడ

జవాబు: నిజమే. సంస్కృతంలో 'వందా' అంటే చెట్టు మీద మొలిచే మొక్క. అమరకోశం దానికి వందా, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అని నాలుగు పేర్లు చెబుతుంది. వృక్షరుహ చెట్టు మీద పెరిగేది, వృక్షాదని చెట్టును తినేది. ఈ రెంటికీ తెలుగులో ఒక్కటే మాట, బదనిక. కలకత్తాలో జడ్జిగా ఉన్న సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ ఈ ఆర్కిడ్‌ను వందా పేరుతోనే వర్ణించాడు. ఆ రచన ఆయన పోయిన మరుసటి ఏడు, 1795లో అచ్చయింది. 1820లో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ దాన్ని ప్రజాతి పేరుగా, అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపే గుంపు పేరుగా స్థిరపరిచాడు. ఇంగ్లిషు అక్షరాల మీదుగా తిరిగొచ్చేసరికి మన వందా వాండా అయింది.

చిక్కేమిటంటే, బదనిక అనేది ఒక మొక్క పేరు కాదు, ఒక బతుకుతీరు పేరు. మామిడి కొమ్మ మీద నారింజ రంగు గొట్టంపూలు పూసేదీ బదనికే, అదే చెట్టు మాను మీద వేళ్లు పరచుకున్న ఆర్కిడ్డూ బదనికే. మొదటిది కొమ్మలోకి దిగి నీరు, లవణాలు లాగేస్తుంది. అతుకు దగ్గర కొమ్మ బుడిపెలా ఉబ్బి ఉంటుంది. ఆర్కిడ్ బెరడును పట్టుకుంటుంది, అంతే. దాని వేళ్లు బెరడు పైపైనే పాకుతాయి, లోపలికి పోవు. చెట్టును తినేస్తోందని ఆర్కిడ్‌ను గీకి పారేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

మీ మొక్కను ఎలా పెంచాలో ఈ పేరే చెబుతోంది. మట్టిలో నాటవద్దు. వేళ్ల మీద వెలామెన్ అనే స్పాంజి పొర ఉంటుంది. ఎండినప్పుడు వెండిలా తెల్లగా, తడిస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. పొద్దున పూట వేళ్లన్నీ పచ్చబడేదాకా తడపండి, సాయంత్రానికి మళ్లీ తెల్లబడాలి. రోజంతా పచ్చగానే ఉంటే గాలి చాలడం లేదన్నమాట. బుట్టలో నాలుగు బొగ్గు ముక్కలు చాలు. 50 శాతం షేడ్‌నెట్ కింద వేలాడదీసి, వారానికోసారి లీటరు నీటికి 1 గ్రాము 20-20-20 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉన్నది) కలిపి చల్లండి. నడి మొవ్వులో నీళ్లు నిలిస్తే అక్కడే కుళ్లుతుంది. మొవ్వు పోతే ఆ కాండం ఇక పైకి పెరగదు.

ప్రశ్న: ఒక పుస్తకంలో వాండా టెస్సెల్లాటా, మరోదాంట్లో వాండా రాక్స్‌బర్గీ, ఇంకోచోట వాండా టెస్టాసియా అని చూశాను. మూడూ ఒకటేనా? – పాఠకుడు, వరంగల్

జవాబు: మొదటి రెండూ ఒకే మొక్క, మూడోది వేరు. సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరం మొక్కల గ్రంథంలో దీన్ని ఎపిడెండ్రమ్ టెస్సెల్లాటమ్ అన్నాడు. తర్వాత బ్రౌన్ ఆయన గౌరవార్థం రాక్స్‌బర్గీ అని పెట్టాడు. అయితే ముందు పెట్టిన జాతి పేరుకే హక్కు కాబట్టి, ప్రజాతి మారినా టెస్సెల్లాటా నిలిచింది. లాటిన్‌లో టెస్సెల్లా అంటే చిన్న చదరపు పలక. పూరేకను దగ్గరగా చూడండి: పసుపుపచ్చని నేల మీద గోధుమరంగు గీతలు గళ్లుగళ్లుగా అల్లుకుని ఉంటాయి, పెదవి (మిగతావాటికి భిన్నంగా ఉండే కింది రేక) మాత్రం ఊదా.

టెస్టాసియా అంటే ఇటుకరంగుది. దాని పూలు చిన్నవి, పసుపు, పెదవి నీలి. రెండూ మన తూర్పు కనుమల్లో ఉన్నాయి, పేర్లూ వినడానికి దగ్గరే. అందుకే చీటీ మీద రెండో మాట పూర్తిగా రాసుకోవాలి.

ప్రశ్న: చీటీ మీద పేరు రాసే పద్ధతి చెప్పండి. – పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఇంగ్లిషు అక్షరాల్లో ప్రజాతి పేరు పెద్దక్షరంతో, జాతి పేరు చిన్నక్షరంతో మొదలవుతాయి. అచ్చులో రెండూ వాలు అక్షరాలు. సంకరమైతే రెండో మాట కూడా పెద్దక్షరంతో, వాలు లేని మామూలు అక్షరాల్లో రాయాలి. వాండా రోత్‌షిల్డియానా వినడానికి జాతి పేరులా ఉంటుంది కానీ, సెరూలియా, సాండెరియానా అనే రెండు వాండా జాతుల సంకరం. రెండో మాట మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అన్నదే ఆ సంగతి చెబుతుంది. ఒక సంకరంలో ప్రత్యేకంగా ఎంచిన మొక్కకు పెట్టిన పేరు ఒంటి కోట్స్‌లో ఉంటుంది.

పాత చీటీలను గుడ్డిగా నమ్మవద్దు. సింగపూర్ జాతీయ పుష్పం వాండా మిస్ జోక్విమ్ ఇప్పుడు పాపిలియోనాంథె అనే వేరే ప్రజాతి కింద ఉంది. పెన్సిల్‌లాంటి గుండ్రని ఆకులది నిండు ఎండ కోరుతుంది, కొయ్యకు కట్టి నేల మీదే పెంచవచ్చు. పాత పేరు చూసి దాన్ని మామూలు వాండాలా షేడ్‌నెట్ కింద వేలాడదీస్తే, కాండం పొడుగవుతుందే తప్ప పూలు రావు.

ప్రశ్న: ఆయుర్వేదంలో రాస్న అంటే వాండా వేరేనా? – పాఠకుడు, కర్నూలు

జవాబు: బెంగాల్‌లో అవును, టెస్సెల్లాటా వేళ్లే. కేరళలో మన దుంపరాష్ట్రం, అంటే ఆల్పీనియా గలాంగా. ఉత్తరాదిన ప్లూకియా లాన్సియోలాటా. ఒక్క పేరుకు మూడు మొక్కలు కాబట్టి, కొనేటప్పుడు శాస్త్రీయనామం అడిగి, దాన్ని మీ వైద్యుడికి చూపించాకే వాడండి.