తీగ బాగానే ఉంది, తప్పు సున్నా దగ్గర ఉంది

ప్రశ్న: అయ్యా, మా ఊరి పాల సేకరణ కేంద్రానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాము రాశాను. తూకం యంత్రం నుంచి సీరియల్ తీగ ద్వారా బరువు చదివి, రైతుల వారీగా లెక్కల ఫైలులో రాస్తుంది. టెర్మినల్ నుంచి నడిపితే చక్కగా పనిచేస్తుంది. కంప్యూటర్ ఆన్ కాగానే వెనకాల తనంతట తాను నడవాలని, మొదట్లో 0, 1, 2 డిస్క్రిప్టర్లను (తెరిచిన ప్రతి ఫైలుకూ సిస్టమ్ ఇచ్చే నంబర్లు) మూసేసే మూడు వరుసలు చేర్చాను. అప్పటి నుంచి బరువులు రావడం లేదు. పైగా లెక్కల ఫైలు చివర ‘తూకం యంత్రం దొరకలేదు’ అన్న మాట పదేపదే వచ్చి చేరుతోంది. తీగ మార్చాను, యంత్రం కూడా మార్చి చూశాను. కోడు జతచేస్తున్నాను.
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పాత తీగే మళ్లీ పెట్టుకోండి, దానిలో లోపం లేదు. మీ కోడులో సీరియల్ పోర్టు తెరిచిన వెంటనే ‘వచ్చిన నంబరు సున్నా కంటే పెద్దదైతే దొరికినట్టు’ అని పరీక్షించారు. తప్పు అక్కడే ఉంది. ఓపెన్ విఫలమైతే వచ్చేది మైనస్ ఒకటి. సున్నా వస్తే పోర్టు తెరుచుకున్నట్టే.

మా తిరుపతిలో లాడ్జి గుమస్తా గదులిచ్చే తీరు గుర్తు తెచ్చుకోండి. ఖాళీగా ఉన్నవాటిలో చిన్న నంబరు గది తాళం ముందు ఇస్తాడనుకుందాం. యూనిక్స్ నియమం కూడా అదే: ఆ ప్రాసెస్‌లో వాడకంలో లేని అతి చిన్న నంబరే కొత్త ఫైలుకు దక్కుతుంది. టెర్మినల్ నుంచి నడిపినప్పుడు 0 (స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే కీబోర్డు), 1 (తెర), 2 (తప్పుల సందేశాలు) నిండి ఉంటాయి కాబట్టి మీ పోర్టుకు 3 వచ్చేది. ఆ మూడూ మీరే ఖాళీ చేశాక పోర్టుకు 0 వచ్చింది. మీ ప్రోగ్రాము దాన్ని వైఫల్యమనుకుంది. తర్వాత తెరిచిన లెక్కల ఫైలుకు 1 వచ్చింది. మాటలు ముద్రించే ప్రింట్‌ఎఫ్ రాసేది ఎప్పుడూ 1 లోకే. తెర మీదికి వెళ్లాల్సిన మాట రైతుల లెక్కల్లో పడటానికి కారణం ఇదే. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇలాంటి నష్టాలు చూసే, 2013లో వచ్చిన 3.8.1 వెర్షన్ నుంచి డేటాబేసు ఫైలుకు 0, 1, 2 నంబర్లు వాడకుండా కట్టడి చేశారు.

ఇంతకంటే కనిపెట్టడం కష్టమైన రూపం ఒకటుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక లాడ్జికి నేను గదుల ప్రోగ్రాము రాసిన రోజుల్లో నాకే ఎదురైంది. ఒక్కో కౌంటరు వివరాలుంచే స్ట్రక్చర్‌ను మెమ్‌సెట్‌తో సున్నాలు చేసి, ప్రింటర్ డిస్క్రిప్టర్ కూడా సున్నాగానే వదిలేశాను. ప్రింటర్ లేని కౌంటరు మూతపడినప్పుడల్లా నా కోడు క్లోజ్ సున్నా అనేది, అంటే 0 నంబరును మూసేసేది. మొదటిసారి పోయింది స్టాండర్డ్ ఇన్‌పుట్; ఎవరికీ తెలియలేదు. ఆ ఖాళీలోకి మరో కౌంటరు కనెక్షన్ వచ్చి కూర్చుంది. రెండోసారి పోయింది అదే! బ్రహ్మోత్సవాల రద్దీలో, పసిపిల్లలతో వచ్చిన యాత్రికులు వరుసలో నిలబడి ఉండగా, ఏ సంబంధమూ లేని కౌంటరు ఆగిపోయేది. రెండు రాత్రులు నెట్‌వర్క్ తీగలు వెతికాను. చివరికి, ప్రోగ్రాము సిస్టమ్‌కు చేసే పిలుపులన్నీ చూపే ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే క్లోజ్ సున్నా అన్న వరుస రెండు చోట్ల కనిపించింది. రెండో దానికి కాస్త పైనే, కొత్త కనెక్షన్‌కు వచ్చిన జవాబు కూడా సున్నాయే. ఆ మూడు వరుసలను నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

కాబట్టి ‘ఇంకా తెరవలేదు’ అనడానికి మైనస్ ఒకటి పెట్టండి, మూసిన వెంటనే మళ్లీ మైనస్ ఒకటి చేయండి. పరీక్ష ‘సున్నా లేదా అంతకంటే పెద్దది’ అని ఉండాలి. మొదటి మూడు నంబర్లను ఉత్తినే మూయకండి. రాసిందంతా మింగేసే ఖాళీ ఫైలు డెవ్ నల్‌ను తెరిచి, ఒక డిస్క్రిప్టర్‌ను మరో నంబరుకు నకలు చేసే డప్2తో మూడింటి మీదా కూర్చోబెట్టండి. ఈ రెండో పని చేస్తే చాలు కదా, పోర్టుకు సున్నా ఎలాగూ రాదు అంటారేమో. మీ కోడును రేపు ఇంకొకరు వేరే ప్రోగ్రాములో వాడుకోవచ్చు. అక్కడ ఎవరు ఏది మూసి ఉంటారో మీ చేతిలో లేదు. రెండూ చేయండి.

దిద్దాక, డెవ్ నల్ వరుసలు కాసేపు పక్కన పెట్టి, టెర్మినల్‌లోనే ప్రోగ్రాము పేరు తర్వాత <&- అని చేర్చి నడపండి. స్టాండర్డ్ ఇన్‌పుట్ మూసి ఉన్న స్థితిలో మొదలవుతుంది. అప్పుడు కూడా బరువు చదివితే పరీక్ష సరిగా రాసినట్టే.

లెక్కల ఫైలులో పడిన ఆ మాటలను తీసేసే ముందు మాత్రం ఒక నకలు దాచుకోండి. రైతులకు డబ్బు కట్టేది ఆ ఫైలు చూసే కదా.