దత్తత సంగతి పాపకి చెప్పాలా? పెంపకానికి వచ్చిన కూతురిగా నా జవాబు

చెల్లెమ్మా, మీ ప్రశ్న చదివి రెండు రోజులైంది. రెండుసార్లు జవాబు రాయడం మొదలుపెట్టి ఆపేశాను. ఇది నా కథ కూడా కాబట్టి చెయ్యి ఆడలేదు.

మీరు అడిగింది ఇది. మీది పాలకొల్లు దగ్గర ఊరు. పాపని శిశుగృహ నుంచి రెండున్నరేళ్ళప్పుడు తెచ్చుకున్నారు. ఇప్పుడు తొమ్మిదేళ్ళు. దత్తత సంగతి ఇంతవరకు చెప్పలేదు. మొన్న ఒక పెళ్ళిలో బంధువు ఒకావిడ పాప ముందే "ఈ పిల్లేనా మీరు తెచ్చుకున్నది?" అంది. ఆ రోజు నుంచి పాప ఏమీ అడగలేదు కానీ తలగడ కింద బిస్కెట్లు దాచుకుంటోంది. మీరు స్నానానికి వెళ్ళినా తలుపు బయటే నిలబడుతోంది. "చెబితే పిల్ల మనసు విరిగిపోతుంది, నోరెత్తకండి" అని మీ అత్తగారు అంటున్నారు. చెప్పాలా, చెబితే ఏమని చెప్పాలి అని మీ టెన్షన్.

చెప్పండి. ఈ వారంలోనే చెప్పండి. పాపకి సగం సంగతి తెలిసిపోయింది. తెలియని మిగతా సగాన్ని తనే ఊహించుకుంటోంది. పిల్లల ఊహ ఎప్పుడూ నిజం కంటే భయంకరంగా ఉంటుంది.

నాది కోనసీమలో ఒక లంక ఊరు. 1981లో పుట్టాను. మన వైపు ప్రతి పిల్లనీ ఏడిపిస్తారు కదా, "నిన్ను తవుడిచ్చి కొన్నాం" అని. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ మాట అనేవారు కాదు. పక్కింటి పిల్లల్ని వాళ్ళ మామయ్యలు అలా ఆటపట్టిస్తుంటే నేను కూడా వెళ్ళి "మరి నన్నో?" అని అడిగేదాన్ని. పెద్దవాళ్ళందరూ ఒక్కసారిగా మాట మార్చేసేవారు. నాకు ఆరేళ్ళప్పుడే ఏదో తేడా ఉందని తెలుసు. ఏమిటో తెలియదు, అంతే.

2003లో నాన్నగారు పోయారు. నాకు ఇరవై రెండేళ్ళు. పెద్దకర్మ రోజు భోజనాలు అయ్యాక కొబ్బరితోట సంగతి వచ్చింది. పెదనాన్నగారి అబ్బాయి అరుగు మీద కూర్చుని "తనేమైనా కన్నబిడ్డా?" అన్నాడు. వాకిట్లో చేతులు కడుక్కుంటున్న నేను విన్నాను. చుట్టూ ముప్ఫై మంది ఉన్నారు. ఒక్కరి మొహంలో కూడా ఆశ్చర్యం లేదు. అప్పుడు అర్థమైంది. ఊరందరికీ తెలుసు. చాకలి రేవులో తెలుసు, పాలకేంద్రం దగ్గర తెలుసు, నాతో చదివిన పిల్లల ఇళ్ళలో తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే.

అమ్మ నన్ను కనలేదన్న మాట నన్ను అంత బాధపెట్టలేదు. నా గురించిన సంగతి అందరి దగ్గరా ఉండి నా దగ్గర లేకపోవడం, అది కోసేసింది. ఆ తర్వాత ఆరేళ్ళు నేను అమ్మని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే ఆవిడని అవమానించినట్టు అవుతుందని నా భయం. చెబితే నేను వెళ్ళిపోతానని ఆవిడ భయం. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర, ఆరేళ్ళు.

చివరికి 2009లో అమ్మే చెప్పింది. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి వెళ్ళడానికి గోదావరి దాటించే పంటు ఎక్కాం. వర్షాకాలం, గౌతమి పాయ నిండుగా ఎర్రగా పారుతోంది. పంటు మధ్యకి రాగానే అమ్మ రేలింగ్ పట్టుకుని, నీళ్ళ వైపే చూస్తూ మొదలుపెట్టింది. ఇంట్లో అయితే నేను లేచి వెళ్ళిపోతానని, అందుకే అక్కడ చెప్పానని తర్వాత ఒప్పుకుంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెళ్ళికాని అమ్మాయికి పుట్టానట. అక్కడ పనిచేసే నర్సు ఒకావిడ మా వాళ్ళకి కబురు పంపిందట. అమ్మ ఆ అమ్మాయిని చూసింది ఒక్కసారే. పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవట. ఏమీ అడగలేదట, "చదివిస్తారా అండీ?" అని తప్ప.

అప్పటిదాకా నాకు అర్థం కాని ఒక విషయం ఆ క్షణంలో అర్థమైంది. నాన్నగారు పోయిన ఏడాది, చేతిలో పైసా లేనప్పుడు, అమ్మ తన నాలుగు గాజులూ అమ్మి నన్ను బీఎడ్‌కి పంపింది. అందరూ పెళ్ళి చేసెయ్యమన్నారు. అమ్మ వినలేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక పిల్లకి ఇచ్చిన మాట అది. ఇప్పుడు నేను టీచర్ని. నా ఇద్దరు తల్లులూ కలిసి నన్ను చదివించారనే నేను అనుకుంటాను.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, పాపకి చెప్పేటప్పుడు ఆ కన్నతల్లికి కాస్త చోటు ఉంచండి. "నిన్ను వదిలేసింది" అనకండి. "నిన్ను పారేశారు, మేం తెచ్చుకున్నాం" అని కోపంలో కూడా అనకండి. మీకు తెలిసిందే చెప్పండి, తెలియనిది మాకు తెలియదని చెప్పండి. నేనైతే ఇలా చెబుతాను: "నువ్వు నా కడుపున పుట్టలేదు బంగారం. ఇంకో అమ్మ నిన్ను కంది. తను నిన్ను పెంచలేకపోయింది, ఎందుకో మాకు పూర్తిగా తెలియదు. నువ్వు చేసిన తప్పేమీ లేదు. మేం నిన్ను చూడటానికి వచ్చిన రోజు నువ్వు పసుపు గౌను వేసుకున్నావు." ఆ రోజు జరిగింది ఏదుంటే అది చెప్పండి. గౌను రంగు, పాప అన్న మొదటి మాట, దారిలో కారులో వాంతి చేసుకుందా, ఇంటికొచ్చాక ఏం తింది. పిల్లలకి అలాంటి చిన్న చిన్న సంగతులే కావాలి. ఒక్కసారి చెబితే అయిపోదు. పన్నెండేళ్ళకి ఒకలా అడుగుతుంది, పెళ్ళప్పుడు ఇంకోలా అడుగుతుంది.

పాప ఏడిస్తే ఏడవనివ్వండి. "మేం నీకేం తక్కువ చేశాం?" అని మాత్రం దయచేసి అనకండి. నేను ఈ వయసులో కూడా ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల కోసం ఏడుస్తాను. అందువల్ల మా అమ్మ మీద ప్రేమ పిసరంత కూడా తగ్గదు. చుట్టాలు "ఎంత అదృష్టవంతురాలివే, వాళ్ళు దేవుళ్ళు" అంటారు. మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. కానీ ఆ మాట విన్న పిల్ల ఇక జీవితమంతా రుణం తీర్చుకుంటూ బతకాలి. కూతురిలా అలగడానికి, ఎదురు చెప్పడానికి కూడా జంకుతుంది. నేను ఇంటర్ వరకు ఒక్కసారి కూడా నాకిది కావాలి అని అడగలేదు. అలాంటి మాట వచ్చినప్పుడు పాప ఎదుటే "లేదండీ, అదృష్టం మాది" అని తేల్చి చెప్పేయండి.

బిస్కెట్ల విషయం. తిట్టకండి, దొంగతనం అన్న మాట రానివ్వకండి. రెండున్నరేళ్ళ దాకా చాలామంది పిల్లల మధ్య పెరిగిన పాప కదా. మాటల్లో గుర్తులేకపోయినా, ఉన్నచోటు పోతుందేమో అన్న భయం ఒంట్లో ఉండిపోతుంది. ఒక చిన్న డబ్బా ఇచ్చి "ఇది నీదే, అయిపోతే నింపుతాను" అనండి. నింపుతూ ఉండండి. తలుపు దగ్గర నిలబడితే లోపల్నుంచి మాట్లాడుతూ స్నానం చేయండి. బడిలో టీచరుతో ఒకసారి విడిగా మాట్లాడండి. నేనే టీచర్ని కాబట్టి చెబుతున్నాను, వంశవృక్షం గీసుకురమ్మని, పురిటిలో తీసిన ఫొటో తెమ్మని మేం ఆలోచించకుండా చెప్పేస్తాం. ముందే తెలిస్తే జాగ్రత్త పడతాం.

నెల రెండు నెలలైనా పాప కుదుటపడకపోతే ఆలస్యం చేయకండి. మనసు బాగోనప్పుడు సలహా ఇచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీకు దత్తత ఇప్పించిన సంస్థని, జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని కౌన్సెలింగ్ కావాలని అడగండి. దత్తత అయ్యాక కూడా సాయం చేయడం వాళ్ళ పనిలో భాగమే. దానికి మొహమాటం ఎందుకు?

మీ అత్తగారి గురించి. ఆవిడ చెడ్డ మనిషి అయి అలా అనడం లేదు. ఆవిడ తరం వాళ్ళు అన్నీ దాచే బతికారు. ఆవిడని పక్కన పెట్టకండి, పని అప్పగించండి. పాపని ఇంటికి తెచ్చిన రోజు హారతి ఇచ్చింది ఎవరు? ఆవిడే అయితే, ఆ కథ ఆవిడ నోటితోనే చెప్పించండి. నాయనమ్మ చెబితే పాపకి ఆ ఇల్లు ఇంకాస్త తనది అవుతుంది.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. మీ దుఃఖం కూడా ఒకటి ఉంటుంది. మా అమ్మ ఎవరి సీమంతానికీ వెళ్ళేది కాదు. పిలిచేవారు కూడా కాదు. నన్ను తెచ్చుకున్నాక కూడా ఆవిడ ముందు గొడ్రాలు అన్న మాట వాడినవాళ్ళున్నారు. ఆ బాధ ఎవరితోనూ చెప్పుకోలేదు, నాతో కూడా. "నిన్ను కనలేదు" అని చెప్పడానికి గొంతు పెగలకపోవడానికి సగం కారణం అదే. మీకూ అలాంటిదేదైనా ఉంటే ముందు మీవారితో కూర్చుని ఏడ్చేయండి. ఆ తర్వాత పాపతో మాట్లాడండి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఒక్కటీ లేదు. ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది. ఆ నర్సు పోయింది. ఆ అమ్మాయి ఏ ఊరో, ఏమైందో తెలుసుకునే దారి నాకు లేదు. తోట నాకు దక్కిందంటే నాన్నగారు ముందుచూపుతో వీలునామా రిజిస్టర్ చేయించడం వల్లే. అలా చేతులు మార్చి బిడ్డని ఇచ్చేయడం ఇప్పుడు నేరం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అదే చట్టం, బిడ్డని అప్పగించిన కన్నతల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఇస్తుంది. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఒక్క రోజు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఈ నిబంధన గురించి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మీరు పద్ధతి ప్రకారం తెచ్చుకున్నారు. మీ దత్తత ఆర్డరు కోర్టు ఇచ్చినది అయి ఉంటుంది, 2022 సెప్టెంబరు నుంచైతే కలెక్టరే ఇస్తున్నారు. ఏదైనా విలువ ఒకటే. పాప అన్నివిధాలా మీ బిడ్డే, ఆస్తిలో కూడా. రేపు ఏ పెదనాన్న కొడుకూ అరుగు మీద కూర్చుని అడగలేడు. ఆర్డరు, జనన ధ్రువపత్రం, అప్పట్లో శిశుగృహవాళ్ళు ఇచ్చిన పాప వివరాల నివేదిక, వైద్య పరీక్షల కాగితాలు అన్నీ ఒక ఫైలులో పెట్టి, అది తనదేనని పాపకి కొంచెం పెద్దయ్యాక చూపించండి. 18 ఏళ్ళు నిండాక తన మూలాలు తెలుసుకోవాలనిపిస్తే పాపే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందైతే మీతో కలిసి పెట్టుకోవాలి. అప్పగించిన తల్లి తన వివరాలు చెప్పొద్దని కోరి ఉంటే ఆవిడ ఒప్పుకోవాలి. అన్నిసార్లూ దొరుకుతుందని కాదు. కానీ వెతకడానికి ఒక గుమ్మం ఉంది. అడిగినప్పుడు మీరు పక్కన నిలబడితే చాలు.

మీ ప్రశ్న చివర్లో, ఫోస్టర్ కేర్ కింద, అంటే దత్తత లేకుండా కొంతకాలం ఇంట్లో పెంచే పద్ధతిలో, ఇంకో బాబుని తెచ్చుకుందామా, పాపకి తోడుగా ఉంటాడు అని రాశారు. ఇప్పుడు వద్దు. పాప కుదురుకోవాలి. పైగా ఫోస్టర్ కేర్ దత్తత లాంటిది కాదు. సాధారణంగా ఆరేళ్ళు దాటిన పిల్లలు వస్తారు. కొందరికి కన్నవాళ్ళు బతికే ఉంటారు. ఇల్లు చక్కబడితే బిడ్డ తిరిగి వెళ్ళవచ్చు. రెండేళ్ళు దాటాక కొన్ని సందర్భాల్లో దత్తతకి వీలుంటుంది కానీ అది ఆశపెట్టుకుని మొదలుపెట్టేది కాదు. ఆ బాబు మీ పాపకి తోడు కోసం రాకూడదు, తన కోసం రావాలి. ఇంకో రెండేళ్ళ తర్వాత పాపనే అడిగి చూడండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంట్లో చుట్టాలు లేని రోజు చూసుకుని చెప్పండి. పరీక్షల ముందు వద్దు, పుట్టినరోజున వద్దు. చెప్పాక టీవీ పెట్టేయకండి. పాప ఏమీ అనకుండా ఆడుకోవడానికి వెళ్ళిపోవచ్చు, అలా వెళ్ళినా కంగారుపడకండి. ఆ రాత్రి మాత్రం పక్కనే పడుకోండి. మధ్యలో లేచి మీరున్నారో లేదో చూస్తుంది.