ముందు ర్యామ్, తర్వాతే ఓవర్‌క్లాక్

ప్రశ్న: నా గేమింగ్ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఒక్కటే ఉంది. గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. ర్యామ్ పెంచాలా, ఓవర్‌క్లాక్ (చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం) చేయాలా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ముందు ర్యామే తమ్ముడూ. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే అలాంటిదే ఇంకో 8 జీబీ వెయ్యి. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న రెండు దారులూ (ఛానళ్లు) కలిసి పనిచేస్తాయి, ఆ కుదుపులు చాలావరకు తగ్గుతాయి. డీడీఆర్4 రకం ర్యామ్ స్లాట్‌లో దాని తర్వాతి తరం డీడీఆర్5 పట్టదు, గాడి చోటు వేరు. 2666 స్పీడు ర్యామ్ పక్కన 3200 స్పీడుది వేస్తే రెండూ 2666 దగ్గరే నడుస్తాయి, కాబట్టి ఎక్కువ స్పీడుకి డబ్బు పోయకు. బ్యాటరీ కనెక్టర్ తీశాకే చెయ్యి పెట్టు. ర్యామ్‌ని ఏటవాలుగా, బంగారు రంగు అంచు దాదాపు కనపడనంత లోపలికి తోసి, కిందికి నొక్కితే పక్క క్లిప్పులు టిక్కుమంటాయి.

ఓవర్‌క్లాక్ సంగతి. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి వేగం పెంచకుండా వేసిన తాళం కంపెనీ తియ్యదు. గ్రాఫిక్స్ చిప్‌ది కొంచెం పెంచవచ్చు గానీ వేడి ఎక్కడికి పోతుంది? మొన్న పర్లాకిమిడిలో నా బల్ల మీద ఒకటి విప్పితే, ఫ్యాన్ ముందున్న రాగి రెక్కల్లో దుమ్ము దూదిపరుపులా పేరుకుంది. అది దులిపి, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే పూత) మార్చాక ప్రాసెసర్ 95 డిగ్రీల నుంచి 80కి దిగింది. ఓవర్‌క్లాక్ జోలికి పోకముందు నీది కూడా అలా విప్పించి చూడు.