చైనా వైద్యం శరీరాన్నీ మనసునూ కలిపి చూస్తుందన్నది ఆచరణలో ఎంత నిజం?

చైనా సంప్రదాయ వైద్యం శరీరానికీ మనసుకూ ఆత్మకూ కలిపి చికిత్స చేస్తుందన్నది ప్రచారం కోసం చెప్పే మాటేనా, లేక వైద్యుడి గదిలో నిజంగానే అలా జరుగుతుందా అని మీరు అడిగారు. నేను కాలిఫోర్నియాలో లైసెన్సు తీసుకుని ఆక్యుపంక్చర్ (సూదులతో చేసే చైనా వైద్యం) చేస్తున్నాను కాబట్టి, నాకు అనుభవంలో ఉన్నంత మేరకు చెబుతాను.

జరుగుతుంది, కాకపోతే మనసుకు వేరుగా, ఆత్మకు వేరుగా చికిత్సలేమీ ఉండవు. సుమారు రెండు వేల ఏళ్ళ నాటి 'హువాంగ్‌దీ నేజింగ్' గ్రంథంలోనే కోపాన్ని కాలేయంతోనూ, దుఃఖాన్ని ఊపిరితిత్తులతోనూ, భయాన్ని మూత్రపిండాలతోనూ, అదేపనిగా ఆలోచించడాన్ని ప్లీహంతోనూ ముడిపెట్టారు. 'షెన్' అనే చైతన్యానికి గుండె నిలయమన్నారు. దీన్ని ఆధునిక శరీరశాస్త్రంగా నేను తీసుకోను, పొంతన లేనట్లు కనిపించే లక్షణాలను కలిపి చూడటానికి పనికొచ్చే పద్ధతిగా మాత్రమే వాడతాను. నా తోటివాళ్ళలో ఈ మాట ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ స్థిరపడిన పిల్లల దగ్గర కొన్ని నెలలు ఉండటానికి మన ప్రాంతం నుంచి వచ్చే తల్లులు సాధారణంగా మోకాళ్ళ నొప్పులతో నా దగ్గరికి వస్తారు. "ఏమైనా దిగులుగా ఉంటోందా?" అని సూటిగా అడిగితే, "నాకేం దిగులమ్మా, దేవుడి దయవల్ల అంతా బాగానే ఉంది" అంటారు. అదే అన్నం సహిస్తోందా, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తోంది, విరేచనం సాఫీగా అవుతోందా, అరికాళ్ళు చల్లబడుతున్నాయా అని ఒక్కొక్కటే అడుగుతూ, నాలుక రంగూ అంచుల మీద పళ్ళ గుర్తులూ చూసి, రెండు మణికట్ల దగ్గర మూడేసి చోట్ల వేళ్ళు ఆనించి నాడి పట్టుకుని ఉన్నప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది: తెల్లవారుజామున మూడింటికే నిద్ర తేలిపోతుంది, అందరూ ఆఫీసులకు వెళ్ళాక పగలంతా పలకరించే దిక్కుండదు, ఏం తిన్నా రుచి తెలియదు. ఈ ప్రశ్నలేవీ మర్యాద కోసం అడిగేవి కావు, రోగనిర్ధారణలో భాగమే.

అప్పుడు మోకాలి చుట్టూ పెట్టే సూదులతో పాటు, మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో ఉండే 'జూసాన్లీ' దగ్గర ఒకటి, చిటికెనవేలి వైపు మణికట్టు మడతలో ఉండే 'షెన్‌మెన్' దగ్గర ఇంకొకటి పెడతాను. మొదటిది జీర్ణశక్తికీ, రెండోది నిద్రకూ కలతకూ వాడేవి. వెంట్రుకంత సన్నని సూది దిగిన చోట బరువుగా, కాస్త లాగినట్లు అనిపించాలి. దీపం తగ్గించి అరగంట వదిలేస్తే చాలామంది అక్కడే నిద్రపోతారు. ఇందులో సూది చేసిందెంత, ఎవరో ఓపికగా విన్నందువల్ల కలిగిన ఊరట ఎంత అని విడదీయడం కష్టం. దీర్ఘకాలిక నొప్పులున్న దాదాపు 18 వేల మంది వివరాలను కలిపి 2012లో ప్రచురించిన విశ్లేషణలో, పోలిక కోసం పెట్టిన ఉత్తుత్తి సూదులకన్నా అసలు సూదులు మెరుగే అయినా ఆ తేడా కొద్దిపాటిదేనని తేలింది. ఆక్యుపంక్చర్ అసలు చేయించుకోనివారితో పోలిస్తే మాత్రం తేడా బాగా ఎక్కువ. నా గదిలో నేను చూసేదానికి అది దగ్గరగానే ఉంది.

'శరీరం, మనసు, ఆత్మ' అనే నినాదం మాత్రం చైనాలో కన్నా పాశ్చాత్య దేశాల బోర్డుల మీదే ఎక్కువగా కనిపిస్తుందని నా అభిప్రాయం. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూలలో ప్రభుత్వ కళాశాలలు మొదలయ్యాక తయారైన పాఠ్యక్రమంలో లక్షణాల వర్గీకరణకే పెద్దపీట వేశారు.

హద్దుల విషయంలో నేను కఠినంగానే ఉంటాను. బీపీ, షుగరు మాత్రలు మానమని ఎన్నడూ చెప్పను. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి 'డాంగ్ గుయ్', 'డాన్ షెన్' మూలికలు ఇవ్వను. అరిస్టొలోకిక్ ఆమ్లం ఉన్న మూలిక కలిసిన బరువు తగ్గించే మాత్రలు వాడి 1990ల మొదట్లో బెల్జియంలో ఎందరో మహిళలు మూత్రపిండాలు పోగొట్టుకున్నారు కాబట్టి, మూలికలు కదా, ఏం చేస్తాయిలే అనుకోవడానికి వీల్లేదు. బతకాలని లేదన్న మాట రోగి నోట వినబడితే, ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి పంపిస్తాను.

మీరు ఎవరి దగ్గరికైనా వెళ్ళదలిస్తే, ఒకసారి వాడి పారేసే సూదులే వాడుతున్నారో లేదో చూడండి. మొదటి రోజే మీ మందుల చీటీ అడగకుండా సూది తీస్తే మాత్రం అక్కడ చేయించుకోకండి.