కాటా వాళ్ళ వైపు తిప్పు నాయనా

నాయనా, నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినాక నాకు నిద్ర పట్టలా. నీ రొయ్యల షెడ్డులో ఒక్క నెలలో 14 మంది ఆడోళ్ళు మానేసి పక్క షెడ్డుకి పోయారు, అక్కడేమీ కిలోకి రూపాయి ఎక్కువ ఇయ్యడంలా, మరెందుకు పోయారు పెద్దమ్మా అని అడిగావు. పొట్టు తీసే టేబుల్ కాడ ఇన్నేళ్ళు నిలబడి, ఆ తర్వాత సూపర్‌వైజర్‌గా చేసినదాన్ని, అటుపక్కా ఇటుపక్కా రెండూ చూశా, అందుకే ఇంత పొడుగు మెసేజ్ పెడతన్నా, ఓపిగ్గా చదువు.

ముందు నీ షెడ్డులో కాటా ఎవరి వైపు తిరిగి ఉందో చూడు. నేను పనిలో చేరింది టైగర్ రొయ్యల కాలం, ఇప్పటి వెనామీ రకం రొయ్య 2009 తర్వాత కదా వచ్చింది. అప్పుడు మా షెడ్డులో కాటా ముల్లు సూపర్‌వైజర్ వైపు ఉండేది, మేం టబ్బు పెట్టి ఆయన నోటెంబడి ఏ అంకె వస్తే అది విని పక్కకి పోవాల్సిందే. టబ్బు బరువు కింద 2 కిలోలు కోసేవాళ్ళు. ఒకరోజు ఆయన లేనప్పుడు మేం ఖాళీ టబ్బు తూచి చూస్తే కిలోన్నర కూడా లేదు. టబ్బుకి అరకిలో రా, రోజుకి ఎన్ని టబ్బులు పెడతామో నువ్వే లెక్కేసుకో. ఎవరం ఏమీ అనలా, గొడవ చెయ్యలా, కానీ ఆ రోజు నించి చేతులు నిదానం అయిపోయినయ్. రొయ్యకి కండ తెగినా తెగనియ్ అనుకున్నాం, నరం సరిగ్గా రాకపోయినా వదిలేశాం. ఓనరు మాత్రం ఆడోళ్ళకి ఒళ్ళు బరువెక్కింది అని తిడతా ఉండేవాడు.

నేను సూపర్‌వైజర్ అయినాక చేసిన మొదటి పని కాటా తిప్పడం. పొద్దున్నే అందరి ముందరా ఖాళీ టబ్బు తూచి ఆ అంకె సుద్దతో గోడ మీద రాయించా, ఎవరి చీటీ వాళ్ళకి ఇచ్చా, చదువు రానోళ్ళకి చదివి చెప్పించా. నువ్వు ఇన్సెంటివ్ అంటన్నావే, అది తర్వాత చూసుకుందాం, ఇయ్యాల్సిన కిలోల లెక్క మీద నమ్మకం లేకుండా పైన ఇంకో వంద ఇస్తానంటే ఎవురు నమ్ముతారు?

రెండోది సరుకు కోసం కూర్చోబెట్టడం. చెరువు కాడ పట్టుబడి లేటైతే లోడు లేటవుద్ది, అది నీ తప్పు కాదు, కానీ తెల్లారి అయిదింటికే వ్యాన్ ఎక్కించుకొచ్చి పదకొండు దాకా ఊరికినే కూర్చోబెట్టి, తూచిన కిలోలకే డబ్బులంటే ఆ ఆరు గంటలు ఎవరి ఖాతాలో పోయినయ్యి? వాళ్ళు ఇంటికాడ పిల్లలకి అన్నం కూడా పెట్టకుండా వచ్చుంటారు. కూర్చున్న గంటలకి కొంతైనా కట్టివ్వు, లేదా లోడు బయల్దేరినాకే వ్యాన్ పంపు. రేపు పని లేదంటే ఈ సాయంత్రమే చెప్పు, నాట్లకో కలుపుకో పోతారు, పొద్దున గేటు కాడ చెప్పబాక.

చేతుల సంగతి నీకు తెలీదు, మీ అమ్మకి తెలుసు. నేను పనికి పోయిన మొదటి రోజు ఐసు నీళ్ళలో చేతులు నాని నాని తెల్లగా ముడతలు పడి, రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోటల్లా చీరుకుపోయి, రాత్రి అన్నంలో పులుసు కలపబోతే చెయ్యి భగ్గుమంది. మీ అమ్మే నాకు ముద్దలు కలిపి పెట్టింది, అప్పటికి దానికి పన్నెండేళ్ళు. అందుకని చిరిగిన గ్లౌజులు ఆ పూటే మార్చు, కొత్త జత అడిగితే మొహం చిట్లించొద్దని కూలోళ్ళని తెచ్చే మీ మేస్త్రీకి చెప్పు. ఐసు టేబుల్ కాడ ఉన్నోళ్ళని మధ్యలో సైజుల వారీగా రొయ్యలు ఏరే గ్రేడింగ్‌కి మార్చు, టీ టైములో చేతులు పెట్టుకోను ఒక బకెట్ గోరువెచ్చటి నీళ్ళు పెట్టించు. దీనికెంత ఖర్చవుద్దో నువ్వే చూసుకో. బాత్రూంకి పొయ్యేదానికి పర్మిషన్ చీటీ పెట్టారని విన్నా, అది ఇయ్యాళే తీసెయ్.

2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కిచ్చినప్పుడు చాలా షెడ్లలో ఎవరికీ ఏమీ చెప్పకుండా పని తగ్గించేశారు. ఆడోళ్ళు మూసేస్తారంట, కూలి ఎగ్గొడతారంట అని వాళ్ళలో వాళ్ళే హడలి చచ్చారు. నువ్వైతే టేబుల్ కాడికి పోయి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఇన్ని రోజులు పని తక్కువ, మీ పాత డబ్బులు ఫలానా రోజు ఇస్తా అని. వాళ్ళకి అర్థం కాదనుకోబాక, 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళే కదరా సారా అంగళ్ళ మీదకి లేచింది, రాష్ట్రమంతా వాళ్ళ ఎనకాల నడిచింది.

జీతం 7వ తేదీ దాటనీబాక. ఓటీకి డబుల్, ఏడాది జీతంలో కనీసం 8.33 శాతం బోనస్, ఈఎస్‌ఐ, పీఎఫ్, ఇవన్నీ చట్టంలో ఉన్నయ్యే, దీపావళికి బోనస్ ఇచ్చి దానం చేసినట్టు ఫొటోలు తీయించొద్దు. మేస్త్రీ ద్వారా వచ్చినోళ్ళకి అతను నిజంగా కడతన్నాడో లేదో నువ్వే అడిగి కనుక్కో.

తిట్టాల్సొస్తే పక్కకి పిలిచి చెప్పు. కౌంట్ కలిపేసిందని, అంటే వేరే వేరే సైజు రొయ్యలు ఒకదాంట్లో కలిపిందని, ఒకామెని మా సూపర్‌వైజర్ అందరి ముందరా తిట్టాడు, ఆమెకి మూడు రోజులుగా జొరం, ఎవురూ అడగలా. మర్నాడు ఆమెతో పాటు ఆ టేబుల్ మొత్తం రాలా. మెచ్చుకునేది మాత్రం అందరి ముందరే మెచ్చుకో, పేరు పెట్టి, ఏ పని బాగా చేసిందో చెప్పి.

నెల్లూరు దర్గా కాడ రొట్టెల పండగ వస్తందిగా, సెలవు అడుగుతారు, ముందే రెండు బ్యాచీలుగా పంచి ఇచ్చెయ్. ఇల్లు కావాలని ఇల్లు రొట్టె పట్టుకోవాలనో, పెళ్ళి కావాలని పెళ్ళి రొట్టె పట్టుకోవాలనో ఏడాదంతా అనుకుంటా ఉంటారు, ఆ రోజు లోడు ఉందని ఆపితే జన్మలో మర్చిపోరు.

పోయిన ఆ 14 మందిలో ఇద్దరు ముగ్గురు నాకు తెలిసినోళ్ళే, వాళ్ళ ఊరికి నేనే పోయి మాట్లాడతా, నువ్వు రాబాక, నువ్వు కూర్చుంటే నిజం చెప్పరు. ఆదివారం పొద్దున మీ షెడ్డుకి వస్తా. నేను వచ్చేలోపు ఖాళీ టబ్బులన్నీ కడిగించి కాటా కాడ పెట్టించు.