ఎండలకి జాగ్రత్తలు చెప్తే సరిపోదు, ప్రభుత్వమే కదలాలి

వాతావరణ మార్పుకి ప్రభుత్వం ఏం చేస్తుంది, జనం అలవాట్లు మార్చుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. మాది ఖమ్మం జిల్లా, వాతావరణ మార్పు అంటే మాకు ముందు గుర్తొచ్చేది ఎండలే కాబట్టి వాటి గురించే చెప్తాను.

2015 వేసవిలో వడగాలులకి దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. మా బాబాయి కూడా ఆ మే నెలలోనే పోయాడు. ఉపాధి పనిలో చెరువు మట్టి తీసొచ్చి మంచం మీద వాలాడు, ఒళ్లు కాలిపోతోంది కానీ చెమట చుక్క లేదు, పిన్ని తడిగుడ్డ కప్పి మజ్జిగ పట్టబోతే మింగలేకపోయాడు. గుండె ఆగిందనుకుని మర్నాడే దహనం చేశారు. తర్వాత సాయం కోసం వెళ్తే పోస్ట్‌మార్టం రిపోర్టు ఏదన్నారు. వడదెబ్బ చావని తేల్చాలంటే తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురూ ధ్రువీకరించాలట, ఆ సంగతి మా ఊళ్లో ఎవరికి తెలుసు? ఇలా లెక్కలోకి రాకుండా పోయినవాళ్లు ఇంకెంతమందో.

మధ్యాహ్నం బయటికి వెళ్లొద్దని ఏటా చెప్తారు. కూలికెళ్తేనే పూట గడిచేవాళ్లు ఏం చేయాలి? ఉపాధి పనిలో కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. పైగా 2023 నుంచి హాజరు కోసం యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు తప్పనిసరి చేశారు, పొద్దున్నే పని అయిపోయినా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చోవాల్సిందే. ఆ రూలు పెట్టింది ప్రభుత్వం, మార్చాల్సిందీ ప్రభుత్వమే.

తలుచుకుంటే చేయగలరు. 2010లో ఎండలకి అల్లాడిన అహ్మదాబాద్ 2013లో హీట్ యాక్షన్ ప్లాన్, అంటే ఎండలు ముదిరే ముందే జనాన్ని హెచ్చరించి ఆసుపత్రుల్ని సిద్ధం చేసే ప్రణాళిక తెచ్చుకుంది. తెలంగాణ 2023లో ఇంటి కప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2025లో వడదెబ్బని విపత్తుగా గుర్తించి మృతుల కుటుంబాలకి 4 లక్షలు ప్రకటించింది. మంచిదే, కానీ అది మనిషి పోయాక వచ్చే డబ్బు. హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో పని ఆపి కూలి ఇస్తే మనిషే మిగులుతాడు కదా.

ఇంకోవైపు భూమిని వేడెక్కించేది బొగ్గు పొగే అయినా, నల్గొండ జిల్లా దామరచర్లలో 4,000 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు కట్టారు. దేశం 2070కి నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలే కర్బనం మళ్లీ పీల్చుకునేదాన్ని మించకుండా చేస్తానంటోంది, అప్పటికి ఇప్పుడు మట్టి తవ్వేవాళ్లలో ఎవరుంటారు? బొగ్గు వాడకం ఏ సంవత్సరం నుంచి ఎంత తగ్గిస్తారో ఓటు అడగడానికి వచ్చే ప్రతి పార్టీ చేతా చెప్పించాలి.