పదవి వదిలి ఓడెక్కిన అధ్యక్షుడు

ప్రశ్న: పోర్చుగల్‌లో ఒక అధ్యక్షుడు పదవీకాలం పూర్తి కాకుండానే రాజీనామా చేసి, సరుకు ఓడెక్కి దేశం వదిలి వెళ్ళిపోయారట. నిజమేనా? అది బాధ్యత నుంచి పారిపోవడం కాదా?

జవాబు: నిజమే. ఆయన పేరు మాన్యుయెల్ తెయిషేరా గోమెస్. 1925 డిసెంబరు 11న రాజీనామా చేశారు. ఆరు రోజులకు ‘జియస్’ అనే డచ్చి సరుకు ఓడలో లిస్బన్ నుంచి బయల్దేరారు. అప్పటికి వయసు 65. ప్రాణాలతో మళ్ళీ స్వదేశం చూడలేదు.

పారిపోవడం అన్న మాటకు నేను ఒప్పుకోను. ఆయన ఎలాంటి మనిషో, ఎలాంటి కుర్చీలో కూర్చున్నారో చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది.

దక్షిణాన పోర్తిమావ్ అనే రేవు పట్నంలో పుట్టారు. తండ్రి అత్తి పళ్ళు, బాదం ఎగుమతి చేసే వ్యాపారి. కొయింబ్రాలో వైద్యం చదవడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. తర్వాత తండ్రి సరుకు అమ్మడానికి బెల్జియం, హాలండ్, మధ్యధరా తీరాలు తిరిగారు. మరోపక్క కథలు రాశారు. 1910లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చింది. మరుసటి ఏడాది ఆయన్ను దౌత్యవేత్తగా లండన్ పంపారు. అదెంత కష్టమైన పనో ఊహించండి. గద్దె దిగిన పోర్చుగల్ రాజు రెండవ మాన్యుయెల్ తలదాచుకున్నది ఇంగ్లండ్‌లోనే. రాజుండే దేశంలో, రాజును దించిన ప్రభుత్వం తరఫున మాట్లాడాలి! ఆ పని ఆయన చక్కగా చేశారు. మధ్యలో 1918లో సిడోనియో పాయిస్ నియంతృత్వం ఆయన్ను పక్కన పెట్టినా, ఆ పాలన పోయాక మళ్ళీ లండన్ వెళ్ళారు.

1923లో పార్లమెంటు ఆయన్ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. రెండేళ్ళలో ఏడుగురు ప్రధానులను చూశారు. 1925లో ఏప్రిల్‌లో ఒకసారి, జులైలో ఒకసారి సైనిక తిరుగుబాట్లు జరిగాయి, రెండూ విఫలమయ్యాయి. పార్టీలు రాజీ పడవు, సైన్యం మాట వినదు. రోజూ ఇంత టెన్షన్ మధ్య అధ్యక్షుడు చేయగలిగింది చాలా తక్కువ. పదహారేళ్ళ ఆ రిపబ్లిక్‌లో పూర్తి కాలం ఉన్న అధ్యక్షుడు ఆయన ముందటి అంటోనియో జోసె ది అల్మెయిదా ఒక్కరే.

ఆయన వెళ్ళిన అయిదు నెలలకు, 1926 మే 28న, సైన్యం రిపబ్లిక్‌ను కూలదోసింది. ఆయన ఉంటే ఆగేదా? ఆగేది కాదని నా నమ్మకం. తుపాకులున్నవాళ్ళను ఆపే బలం ఆ కుర్చీకి లేదు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాతి జీవితం. కొన్నేళ్ళు తిరిగి, 1931లో అల్జీరియాలోని బూజీ అనే తీర పట్నంలో ఒక హోటల్ గదిలో స్థిరపడ్డారు. ఇప్పుడు ఆ ఊరిని బెజాయా అంటున్నారు. పదేళ్ళు అక్కడే ఉండి, పాతికేళ్ళుగా పక్కన పెట్టిన రచన మళ్ళీ చేపట్టారు. ఆ తర్వాత పోర్చుగల్‌ను ఏలిన సలజార్ నియంతృత్వాన్ని ఒప్పుకోలేదు కాబట్టి తిరిగి రాలేదు. పారిపోయేవాడికి అంత పట్టుదల ఉండదండీ. 1941 అక్టోబరు 18న అక్కడే కన్నుమూశారు. 1950లో అస్థికలను పోర్తిమావ్‌కు తెచ్చారు. అధ్యక్షుడిగా ఉండగా ఆ ఊరికి నగర హోదా ఇచ్చింది ఆయనే.

ప్రశ్న: అక్కడ ఇప్పుడూ పార్లమెంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుందా?

జవాబు: లేదు, జనమే నేరుగా ఓటేస్తారు. 1974 ఏప్రిల్ 25న నియంతృత్వం కూలాక, 1976లో అందరికీ ఓటు హక్కుతో జరిగిన స్వేచ్ఛాయుత ఎన్నికలో జనరల్ రమాల్యు ఎయానిష్ గెలిచారు. పదవీకాలం అయిదేళ్ళు. వరుసగా రెండుసార్లకు మించి ఉండకూడదు.